కోతకు వచ్చిన మంచాలు

సర్కారు ఆసుపత్రిలో అతన్ని అందరూ మంచాల మేస్త్రి అంటారు. చెవి వెనక సుద్దముక్క, జేబునిండా నట్లు. ఏ మంచం పక్కగా వెళ్లినా అరచేత్తో నొక్కి, ఊపి చూస్తాడు. కిర్రుమందంటే దాని సంగతి తేల్చందే టీ కూడా ముట్టడు. అలా ఇరవై ఏళ్లుగా కాపాడుకొచ్చిన నలభై ఇనప మంచాలను ఇవాళ ముక్కలుగా కోయమన్నారు. పాతవి పనికిరావని రాస్తేనే కొత్తవాటికి బిల్లు అవుతుందట. ఆ కొత్తవేమో మంత్రిగారొచ్చి రిబ్బను కత్తిరించేదాకా తాళం వేసిన గదిలోనే ఉంటాయి. రోగులు మాత్రం వరండాలో, కటిక నేల మీద.

"ఇవి ఇంకో పదేళ్లు వస్తాయి సార్!"

"నెలాఖరులోగా ఖర్చు చూపించకపోతే వచ్చే ఏడు నిధులు రావయ్యా. నీ సొమ్మేం పోయింది, కొయ్యి," అన్నాడు పక్కనే ఫైలు పట్టుకుని నిలబడ్డ సూపరింటెండెంటు.

మేస్త్రికి ఒళ్లు మండిపోయింది. పళ్లు కొరుకుతూ రంపాన్ని మొదటి మంచం కోడుకు ఆనించాడు. గోడవార నేల మీద పడుకున్న ముసలమ్మ మెల్లగా లేచి కూర్చుంది.

"బాబూ, దాన్ని ఆఖర్న కొయ్యవూ? అందాకా కాస్త నడుం వాలుస్తాను."

మేస్త్రి ఆవిడను చెయ్యి పట్టి లేపి, ఆ మంచం మీదే పడుకోబెట్టాడు. రంపం తీసుకెళ్లి సూపరింటెండెంటు చేతిలో పెట్టాడు.

"పోయింది నా సొమ్మే సార్! ముందు ఆవిడను కిందికి దింపండి. తర్వాత మీరే కొయ్యండి."