చిక్కుడు పాఠం

సాయంత్రం గుణదల కొండ కింద బడి గంట వినగానే అమలమ్మ పొయ్యిమీద పాలు పెట్టేది. మూడో తరగతి చదివే కూతురు రూతు పాలు తాగుతూ ఆనాటి పాఠాలన్నీ తల్లికి ఒప్పజెప్పేది. అమలమ్మ చదువంతా అదే. ఇప్పుడు గంట మోగితే చేతులు తుడుచుకుని ఊరికే నిలబడుతుంది. వానాకాలంలో జ్వరమొచ్చి పిల్ల పోయింది. సైన్సు పాఠానికని నాటిన చిక్కుడు గింజ మాత్రం పందిరెక్కి కాసింది. ఆ మొలకను రూతు రోజూ స్కేలుతో కొలిచి గోడమీద బొగ్గుతో అంకె వేసేది. పద్దెనిమిది అంగుళాల దగ్గర ఆ లెక్క ఆగిపోయింది.

"కాయలు ముదిరిపోతున్నాయి, కొయ్యవేం వదినా?" అంది పక్కింటి బుల్లెమ్మ.

"గింజ మొలిచి, తీగై, కాయ ఎండి మళ్లీ గింజలు రాలే దాకా పాఠం పూర్తి కాదమ్మా, అందే నా చిట్టితల్లి!" అని అమలమ్మ, కాయలు కొయ్యడానికని తీసిన బుట్టను మళ్లీ చూరుకు తగిలించింది.