లేవని కుర్చీ

బస్సు పొగలు కక్కుతూ నడిరోడ్డు మీద ఆగిపోయింది. నా పక్క సీటాయన వాచీ చూసుకుని, "ఐదింటిలోగా రిపోర్టు పంపకపోతే ఒక క్లబ్బు మునిగిపోతుందండీ. రెండు మైళ్లే. నడుద్దామా?" అన్నాడు. నేను పనీపాటా లేని ముసలివాణ్ణి. నడుద్దామన్నవాళ్లతో నడవడం తప్ప నాకు వేరే విద్య రాదు.

దారిలో చెప్పాడు. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యలో తనిఖీ ఉద్యోగమట. పెద్ద లీగులో ఆడే ప్రతి క్లబ్బూ ఏటా సీజనుకు ముందు సమాఖ్య నుంచి లైసెన్సు తీసుకోవాలి. గడ్డి, దీపాలు, డాక్టరు గది, కుర్చీలు అన్నీ ఈయన స్వయంగా చూసి సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఆ క్లబ్బు కింది లీగుకు దిగిపోతుంది. మైదానాల్లో ఈయన్ని టేపాయన అంటారు. అద్దె ఇల్లు చూడబోయి వంటింటి గుమ్మం కొలిచి ఇంటివాళ్లను హడలగొట్టాడని భార్య ఇప్పటికీ దెప్పుతుందట.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"ఒక్కసారి కొలవలేదండీ. మూడేళ్ల కిందట. జ్వరంగా ఉందని ఆఫీసులోనే కూర్చుని పాత రిపోర్టు దించేశాను. మెట్ల పక్కన కమ్మీ తుప్పుపట్టి ఉందట. మొదటి ఆటకే ఊడింది. ఒక పెద్దాయన పడిపోయాడు. కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి, దాన్నే పట్టుకుని దిగేవాడు. బతకలేదు."

"మీరు వెళ్లలేదని ఎవరికైనా తెలుసా?"

"మా బావకు. అక్కడ మైదానం చూసుకునేది ఆయనే. ఇప్పుడు మనం వెళ్తున్నదీ అక్కడికే."

మేం వెళ్లేసరికి ఆ బావ గడ్డికి నీళ్లు పడుతున్నాడు. నన్ను చూసి, "ఏం బామ్మర్దీ, ఈసారి టేపు మోయడానికి మనిషిని పెట్టుకున్నావా?" అన్నాడు. అన్నాడే గానీ తూర్పు గ్యాలరీ వైపు మాత్రం తల తిప్పలేదు.

లైసెన్సుకు ఐదు వేల కుర్చీలుండాలి. అక్కడ ఉన్నవి సరిగ్గా ఐదు వేలే. అన్నీ స్ప్రింగువి. మనిషి లేస్తే వాటంతటవే పైకి ముడుచుకుంటాయి. ముడుచుకోనిది దారికి అడ్డం కాబట్టి లెక్కలోకి రాదు. తూర్పు గ్యాలరీ పద్నాలుగో వరసలో, మెట్లను ఆనుకుని, ఒకటి దిగి ఉంది.

నేను ఎత్తి చూశాను. బరువుగా లేచింది. చెయ్యి తియ్యగానే తొందరేమీ లేకుండా, మనిషి సర్దుకుని కూర్చున్నట్టు దిగింది. అంత ఎండలోనూ చల్లగా ఉంది.

"ఈ రెండేళ్లూ తనిఖీకి వేరేవాళ్లు వచ్చారు. బాగానే ఉండేది," అన్నాడు బావ. "పొద్దున నువ్వొస్తున్నావని ఫోనొచ్చిందా, దిగింది. రెండు స్ప్రింగులు మార్చాను. పక్క కుర్చీ ఊడదీసి ఇక్కడ బిగిస్తే అదీ దిగింది. తీగతో కట్టాను. నీళ్ల పైపు ఆపి వచ్చేసరికి ముడి విప్పి ఉంది."

ఖాళీ చోట్లు నాకు కొత్త కాదు. మూసేసిన సినిమా హాళ్లలో, ఓడలు రాని రేవుల్లో పడుకున్నవాణ్ణి. ఖాళీకి ఒక నిశ్శబ్దం ఉంటుంది. ఇక్కడున్నది అది కాదు. ఎవరో దగ్గు ఆపుకుంటున్నట్టుంది.

"ఐదు వేలని రాసెయ్యి బామ్మర్దీ. ఒక్క కుర్చీ కోసం క్లబ్బంతా పోవాలా? నన్ను తీసేస్తే మీ అక్క ఏమైపోవాలి?"

"అప్పుడూ ఇట్లాగే రాశాను బావా. చూడకుండా."

"ఇప్పుడు చూశావుగా!"

"చూశాను కాబట్టే రాయలేను."

టేపాయన ఆ కుర్చీ పక్కదాంట్లో కూర్చున్నాడు. కాగితం ఒళ్లో పెట్టుకుని, పెద్దవాళ్లకు ఉత్తరం చదివి వినిపించినట్టు, పైకి చదువుతూ రాశాడు. "మూడేళ్ల కిందట నేను ఈ మైదానానికి రాలేదు. వచ్చి చూసినట్టు సంతకం చేశాను. కమ్మీ చూడాల్సిన మనిషిని నేనే."

"ఒరేయ్, ఉద్యోగం ఊడుతుందిరా!" అని బావ కాగితం లాక్కోబోయాడు. ఈలోగా సంతకం అయిపోయింది.

ఠప్పున కుర్చీ లేచింది.

టేపాయన ఐదు వేలని అంకె వేసి, ఫోనుతో ఫొటో తీసి పంపాడు. ఐదుకు పది నిమిషాలుంది. టేపు తీసి బావ చేతిలో పెట్టాడు.

మెట్లు గోడవైపు నుంచి దిగాడు, కొత్త కమ్మీ వైపు ఒక మనిషికి చోటు వదిలి. గేటు తెరిచి, తాను పక్కకు జరిగి, ఒకరు దాటడానికి పట్టేంతసేపు నిలబడ్డాడు. అప్పుడు దాటాడు.

"ఏమండీ, బస్సు అటు కాదు!" అని కేకేశాను.

వినలేదు. వెళ్లొస్తానని నాకు చెప్పలేదు, బావకూ చెప్పలేదు. తల కాస్త పక్కకు వంచి ఏదో మాట్లాడుతూ రోడ్డు పట్టాడు. నాతో వచ్చేటప్పుడు గబగబా నడిచిన మనిషి. ఇప్పుడు ఒక అడుగు వేసి, ఆగి, మళ్లీ ఒక అడుగు వేస్తున్నాడు.