నాగూరమ్మ కరాచీ నుంచి తెచ్చుకున్న బిడ్డ

మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో పరుపు కుట్టించుకున్న ప్రతి ఇంటికీ దూదేకుల దస్తగిరి తెలుసు. భుజాన పెద్ద విల్లు పెట్టుకుని వస్తాడు. వసారాలో కూర్చుని దూది ఏకి, పరుపు కుట్టి పోతాడు. అతని వెనక నెత్తిన పాత గుడ్డల మూటతో వచ్చే మనిషి అతని భార్య నాగూరమ్మ. ఆమె గురించి ఎవరూ ఏమీ చెప్పుకోరు. మా వైపు జనానికి పెద్దమనుషుల సంగతులకే పొద్దు చాలదు. ఎవరు ఎవరి తల పగలగొట్టించారు, ఎలక్షన్లో ఎవరి పక్క ఎవరు చేరారు, ఇవే మాటలు. ఆ మాటలు విని విని నాకు విసుగు పుట్టింది. అందుకే నాగూరమ్మ గురించి రాస్తున్నాను.

ఆమె అక్క మస్తానమ్మను గుంతకల్లు రైల్వేలో పనిచేసే వాడికిచ్చారు. దేశం రెండు ముక్కలయినప్పుడు ఏ దేశంలో కొలువు చేస్తారో రాసివ్వమని రైల్వే వాళ్ళను అడిగారు. అతను పాకిస్తాన్ అని రాసిచ్చాడు. అక్కడయితే త్వరగా పై ఉద్యోగం వస్తుందని ఎవరో చెప్పారట. కరాచీ ఏ దిక్కున ఉందో మస్తానమ్మకు తెలియదు. మొగుడి వెంట పోయింది. అక్కడ ఒక ఆడపిల్లను కన్నది. ఆ పిల్లకు నాలుగేళ్ళు నిండాక మస్తానమ్మ జ్వరం వచ్చి చనిపోయింది. మొగుడు మళ్ళీ నిఖా చేసుకున్నాడు. కొత్త భార్యకు పిల్ల బరువయింది. ‘మీకు పిల్లలు లేరు గదా, వచ్చి తీసుకుపోతే మీకే ఇచ్చేస్తాను’ అని మరదలికి కార్డు రాశాడు.

కార్డు రాసినంత సులభం కాదు పిల్లను తెచ్చుకోవడం. హిందువులకు ఉన్నట్టు ముసల్మానులకు దత్తత లేదు. సంరక్షకులుగా ఉండటానికి కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాలి. పిల్ల పాకిస్తాన్ మనిషి కాబట్టి ఇక్కడ ఉంచుకోవడానికి పోలీసుల అనుమతి కావాలి. ముందసలు అక్కడికి పోవడానికి పాస్‌పోర్టు కావాలి. అప్పుడు కర్నూలు రాజధాని. సగం ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయి. మొగుడూ పెళ్ళామూ ఎండలో ఒక డేరా నుంచి ఇంకో డేరాకు తిరిగారు. పేదవాణ్ణి గంటలకొద్దీ నిలబెట్టడం మాత్రం మన సర్కారుకు డేరాలోనూ చేతనవును.

ఊళ్ళో కాఫీ అంగడి ఓబులేసు ఊరుకుంటాడా?

“ఏమప్పా దస్తగిరీ, ఈ జిల్లాలో బిడ్డలే లేరా? పాకిస్తాన్ సరుకే కావాల్నా?”

మూట దించకుండానే నాగూరమ్మ జవాబిచ్చింది.

“సరుకంటే నీ అంగట్లో పుచ్చిపోయిన శెనక్కాయలన్నా. అది మా అక్క బిడ్డ.”

అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఓబులేసూ నవ్వక తప్పలేదు.

పాస్‌పోర్టు ఆమెకొచ్చింది. దస్తగిరిది విచారణ దగ్గరే ఎక్కడో ఆగిపోయింది.

“ఒక్కదానివే యాట్ల పోతావే?” అని అతను భయపడ్డాడు.

“నోరుండాది, కాళ్ళుండాయి. దారి అడుక్కుంటా పోతా.”

కర్నూలు దాటి ఎరగని మనిషి రైల్లో బొంబాయి పోయి, ఓడెక్కి కరాచీ చేరింది. అక్కడ పిల్ల దగ్గరికి రాలేదు, తలుపు వెనక దాక్కుంది. నాగూరమ్మ చెయ్యి పట్టి లాగలేదు. ఆ ఇంట్లో గడ్డ కట్టిన తలగడ ఒకటి కనబడితే విప్పి, గడప మీద కూర్చుని వేళ్ళతో దూది విడదీయసాగింది. దూది గుట్టగా పొంగింది. పింజలు గాల్లోకి లేచాయి. ఊదడానికి పిల్ల దగ్గరికొచ్చింది. ఆ తలగడ మళ్ళీ కుట్టేలోగా ఆమె ఒళ్ళోకి చేరింది.

ఇక వాళ్ళు చేసిన తప్పు చెప్పాలి. బిడ్డనిస్తే నీ పేరే పెట్టుకుంటామని ఆ దంపతులు ఏనాడో పీరుకు మొక్కుకున్నారు. పిల్ల ఊరు చేరాక వచ్చిన పీర్ల పండగనాడు చావిడి ముందర బెల్లం పంచి, అంతవరకూ రజియా అయిన ఆ పిల్లకు పీరమ్మ అని పేరు పెట్టారు. పీరుకిచ్చిన బిడ్డను పాత పేరుతో పిలిస్తే పీరు ఆ బిడ్డను వెనక్కు తీసుకుంటాడని మావాళ్ళ నమ్మకం. అందుకని ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు. ఆ పేరుతో ఎవరు పిలిచినా పలకొద్దని, తిరిగి కూడా చూడొద్దని పిల్లకు గట్టిగా చెప్పారు. బుద్ధిమంతురాలు, అలాగే నడుచుకుంది. కోర్టు కాగితాల్లో, పోలీసు కాగితాల్లో ఉన్నది రజియా బేగమన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

ఈలోగా రాజధాని హైదరాబాదుకు పోయింది. దానితోపాటు వాళ్ళ కాగితాలూ పోయి, తిరిగి తిరిగి చివరికి కడపకు వచ్చాయి. పిల్లను తీసుకుని రమ్మని పోలీసు ఆఫీసు నుంచి కబురొచ్చింది. వచ్చిన పిల్ల ఈ పిల్లేనని ఇన్‌స్పెక్టరు సంతకం పెడితే కోర్టు ఉత్తర్వు ఇస్తుంది. పెట్టకపోతే పిల్లను కరాచీకి పంపించాలి.

ఇన్‌స్పెక్టరు కాగితం చూసి, “రజియా బేగం!” అని పిలిచాడు.

పిల్ల కదల్లేదు. గోడ వైపు చూస్తూ నిలబడింది. మళ్ళీ పిలిచాడు. పెదవులు బిగించింది.

“ఫోటోలో పిల్ల ఎముకల గూడు. ఈ పిల్ల ఇంత బొద్దుగా ఉందేం?”

“కూడు పెట్టినాం సామీ,” అన్నాడు దస్తగిరి.

“కూడు పెడితే పేరు మరిచిపోతుందా? ఎవరి పిల్లనో తెచ్చి నా ముందర నిలబెట్టారా?”

నాగూరమ్మ మొక్కు సంగతంతా చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కు వాలాడు.

“మీ పీరు వచ్చి ఈ కాగితం మీద సంతకం పెడతాడామ్మా? నువ్వు పిలువు. పలికితే పెడతాను. లేకపోతే పిల్ల వెనక్కు పోవలసిందే.”

దస్తగిరి అడ్డం వచ్చాడు. “వద్దే. మాటిచ్చినాము. బిడ్డకేమన్నా అయితే?”

నాగూరమ్మ నమ్మకం మొగుడి నమ్మకం కంటే తక్కువది కాదు. ప్రతి ఏడూ పీర్ల గుండం ముందర పూనకంతో ఊగే మనిషి. పుస్తకాలు చదివి దేవుడు లేడనడం నాబోటివాడికి సులభమే. ఉన్నాడని వణుకుతూనే ఆయనకు ఎదురు నిలవాలంటే ఎంత గుండె కావాలో ఆవేళ ఆమెను చూసినవాళ్ళకు తెలుస్తుంది.

“పీరు నాకు బిడ్డనిచ్చింది వాపసు అంపేదానికి కాదు,” అంది. “కోపమొస్తే నా మీద రానీ.”

పిల్ల ముందర గొంతుక్కూర్చుని, దాని రెండు చేతులూ పట్టుకుని పిలిచింది.

“రజియా.”

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. దస్తగిరిని చూసింది, ఇన్‌స్పెక్టరును చూసింది. తరువాత నాగూరమ్మ చెవి దగ్గరికి వంగి రహస్యమనుకుని గదికంతా వినబడేట్టు అడిగింది.

“అమ్మా, పలకొచ్చునా?”

మూల కూర్చున్న గుమాస్తా ఫక్కున నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నవ్వు ఆపుకోవడానికి మీసం సవరించుకున్నాడు.

“పలుకు తల్లీ,” అంది నాగూరమ్మ.

“జీ,” అంది పిల్ల. కన్నతల్లి పేరు అడిగితే చెప్పింది. తండ్రి పేరు చెప్పింది. ఇంటి ముందర రైలు పట్టాలున్నాయని, సవతితల్లి కొడితే ఆ పట్టాల దగ్గరికి పోయి కూర్చునేదాన్నని అడగకుండానే చెప్పింది. ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టి కాగితం గుమాస్తాకిచ్చాడు. ఆ నెలలోనే కోర్టు ఉత్తర్వు కూడా వచ్చింది.

తిరుగు బస్సులో పిల్ల మాటలు ఆగలేదు. వచ్చినప్పటి నుంచి కరాచీ ఊసెత్తని పిల్ల. మరిచిపోయిందని, అదే మంచిదయిందని వాళ్ళిద్దరూ అనుకున్నారు. నిజానికి పాత పేరు మూసేసేసరికి పిల్ల దాని వెనక ఉన్నదంతా తనలోనే దాచుకుంది. మస్తానమ్మ ఎలా జడ వేసేది, జ్వరంలో ఏం పాడేది, చివరి రోజు తనను ఎవరింట్లో పడుకోబెట్టారు, అన్నీ సగం తెలుగులో, సగం ఉర్దూలో చెప్పింది. అక్క ఎలా పోయిందో నాగూరమ్మ వినడం అదే మొదలు. కళ్ళు తుడుచుకోకుండా, “ఇంకా?” అని అడుగుతూ ఉంది.

దస్తగిరికి పీరు భయం పోలేదు. బస్సు ఒక్కో ఊరు దాటినప్పుడల్లా పిల్ల నుదుటి మీద చెయ్యి వేసి చూస్తున్నాడు.

“జొరం లేదులేప్పా,” అని నాగూరమ్మ అతని చెయ్యి పక్కకు నెట్టింది. “చెప్పనీ.”