వేళ్ళ మరకలున్న మ్యాపు

పోయిన వారం అల్వాల్‌లో మా అక్క ఇంటికి వెళ్ళేసరికి, ముందు గది ముగిసే చోట పక్క గోడ మీద ఎర్ర రంగుతో నిలువుగా ఒక గీత గీసి ఉంది. రోడ్డు వెడల్పు చేస్తారట, గీతకు రోడ్డు వైపున్నదంతా పోతుందట. శుక్రవారం ప్రార్థన కూడికలకు చాపలు పరిచేది ఆ గదిలోనే, మా బావగారు పోయినప్పుడు ఆయన్ని ఉంచి సంఘమంతా చుట్టూ కూర్చుని తెల్లవార్లూ పాటలు పాడిందీ అక్కడే. అక్క ఏడవలేదు గానీ నన్ను చూడగానే, "నువ్వు గీ సదువే సదివొచ్చినవు కదనే, జెర వాళ్ళతోని మాట్లాడరాదు" అంది. ఆ మాటతో నా ప్రాణం ఉసూరుమంది.

నేను చదివింది నిజంగా ఆ చదువే. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, టౌన్ ప్లానింగ్ అంటే ఏమిటో మన ఇళ్ళల్లో అప్పట్లో ఎవరికీ తెలియదు, స్కాలర్‌షిప్పు మీద నేను ఇంగ్లండుకు బయలుదేరుతుంటే మా పెద్దమ్మ సంఘంలో అందరికీ మేస్త్రీ పని నేర్చుకోవడానికి పోతున్నానని చెప్పింది. అక్క మాత్రం తన పెళ్ళినాటి శాలువా తెచ్చి నా సూట్‌కేసులో పెట్టింది. అక్కడ నేనున్నది మిల్లులు మూతపడ్డ ఊరు, చలికాలంలో పాఠాలు అయ్యేలోపే చీకటి పడేది, ఆ శాలువా కప్పుకుని, పలకరించే దిక్కులేక, సికింద్రాబాదు స్టేషను ముందరి గోలను తలుచుకుని ఏడ్చిన రోజులు చాలానే ఉన్నాయి.

అక్కడ మా మేష్టారికి ఒక పద్ధతి ఉండేది. ఏ పేటకు ప్లాన్ గీయాలన్నా ముందు ఆ పేట మ్యాపును చర్చి హాల్లో బల్ల మీద పరిచి, అక్కడివాళ్ళను పిలిచి, ఎవరిల్లు ఎక్కడుందో వాళ్ళ చేతనే వేలు పెట్టించాలి, ఆ తర్వాత వాళ్ళేం చెబితే అది వినాలి. ఒకసారి అలా పిలిచినప్పుడు ఒక ముసలావిడ తన ఇల్లు వెతుక్కుని దాని మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. మేం వేయబోయే రోడ్డు అటే వెళుతుందని ఆవిడకు తెలుసు. పక్క వీధిలో ఉన్న స్నేహితురాలి ఇంటికి టీకి వెళ్ళే దారి పోతుందని మాత్రం అంది. ఇదీ ఒక అభ్యంతరమేనా అని నాకు లోపల నవ్వొచ్చింది.

అందరూ వెళ్ళాక చూస్తే మ్యాపు నిండా వేళ్ళ మరకలు, టీ చుక్కలు. చిన్నప్పటి నుంచి రఫ్ నోట్సు వేరు, ఫెయిర్ నోట్సు వేరు అని పెరిగినదాన్ని కదా, మాసిన కాగితం మేష్టారికి ఎలా చూపిస్తామని కూర్చుని ముత్యాల్లాంటి అక్షరాలతో ఫెయిర్ కాపీ తీసి, పాతదాన్ని చింపి చెత్తబుట్టలో పడేశాను. ఆయన నా శుభ్రమైన మ్యాపును అటూ ఇటూ తిప్పి చూసి, మరి మనుషులేరీ అని అడిగారు. కోప్పడలేదు, చెత్తబుట్టలోంచి ముక్కలు ఏరి నా చేతే అతికించి దాన్నే గోడకు పెట్టించారు. ముసలావిడ వేలు ఆనిన చోట కాగితం బాగా నలిగి ఉంది. ఆ నలిగిన చోటును తప్పించి రోడ్డును మళ్ళీ గీయమన్నారు, గీశాం.

తిరిగొచ్చి ఉద్యోగంలో చేరాక ఇక్కడ ఆ బల్లా లేదు, ఆ పిలుపూ లేదు. పైనుంచి వచ్చిన గీతలకు రంగులు వేసేవాళ్ళం. మన దగ్గరా ఒకనాటికి ఆ పద్ధతి రాకపోతుందా అనుకుంటూనే రిటైరై, యాప్రాల్‌లో ఫ్లాట్ కొనుక్కుని కూర్చున్నాను.

మొన్న అభ్యంతరాలు చెప్పుకునే రోజున అక్కను వెంటబెట్టుకుని మున్సిపల్ ఆఫీసుకు వెళ్ళాను. ఏం మాట్లాడాలో ఆటోలో అంతా కూర్చుకున్నాను గానీ, గోడకున్న పెద్ద టీవీలో మ్యాపు చూడగానే అదేదీ పనికిరాదని తెలిసిపోయింది. గీతలో తప్పు లేదు. అంబులెన్సు కూడా తిరగలేని మలుపది, నన్ను గీయమన్నా అక్కడే గీసేదాన్ని. టీకి వెళ్ళే దారి లాంటి మాట చెబుదామంటే, అటువంటివి వినడానికి అక్కడ ఎవరికీ తీరిక ఉన్నట్టు లేదు.

అప్పుడు అక్కే ముందుకు జరిగి, "మా ఇల్లు ఏడున్నది సార్, జెర చూపియ్యుండ్రి" అంది. అధికారి చూపించాడు. అక్క కళ్ళజోడు సర్దుకుని, దగ్గరగా వెళ్ళి, ముందు గది మీద వేలు పెట్టి అలాగే నిలబడింది. "ముట్టకురి అమ్మా, స్క్రీన్ ఖరాబైతది" అన్నాడాయన, మర్యాదగానే. తర్వాతి పేరు పిలుస్తూ బల్ల మీది గుడ్డ తీసి తెర తుడిచాడు.

వచ్చేటప్పుడు ఆటోలో, "మన మాట రాసుకున్నరంటవా?" అని అడిగింది అక్క. రాసుకున్నారని చెప్పాను. ఈ శుక్రవారం కూడిక ఆ గదిలోనే జరిగింది, వచ్చే నెల ఎక్కడో తెలియదు. అతుకులు వేసిన ఆ మ్యాపు ఇంకా ఆ మిల్లుల ఊళ్ళో ఏ గోడకైనా ఉందో, ఎప్పుడో చెత్తలో కలిసిందో తెలియదు. ఇక్కడ అక్క వేలు పెట్టిన చోటును మాత్రం గుడ్డతో తుడిచేశారు, నేను పక్కనే నిలబడి చూశాను.