లైటు టవరు మీద కాపురం

రేవులో అందరూ ఆమెను క్రేనక్క అంటారు. పదమూడేళ్లుగా ఎత్తయిన గాజు గదిలో కూర్చుని ఓడల్లోంచి కంటెయినర్లు దించడం ఆమె పని. ఆ ఏడాది ఆమె కిటికీకి సరిగ్గా ఎదురుగా, లైటు టవరు మీద, ఒక పెద్ద పక్షుల జంట గూడు కట్టింది. మంచమంత పుల్లల మోపు.

ఒకరోజు కింద కూర్చున్న మేస్త్రీ టోపీ మీద చేప తల పడింది. మర్నాడు సగం తిన్న నీటిపాము పడింది. ఆయనకు ఒళ్లు మండి, గద్దల గూడు పీకించేస్తానన్నాడు.

"గద్ద కాదండీ అది. గద్ద తోక మధ్యలో చీలినట్టుంటుంది. దీనిది చూడండి, విసనకర్రలా ఉంది," అంది క్రేనక్క.

అదేమిటో వారంలోగా తెలిసినవాళ్లతో రాయించుకు రమ్మని, లేకపోతే గూడు ఉండదని ఆయన తేల్చి చెప్పాడు.

ఆమె భర్త దర్జీ. ఆమె వర్ణిస్తుంటే ఆయన గుడ్డముక్కలతో పిట్టను కుట్టాడు. తల, పొట్ట తెలుపు, వీపు బూడిద రంగు, రెక్కల కింద అంచు నలుపు. గాలిలో తేలేటప్పుడు రెక్కలు పైకెత్తి ఉంచుతుందని ఆమె అంటే, భుజాలు విప్పి మళ్లీ కుట్టాడు. తన జాకెట్టు కొలతలు ఎన్నడైనా ఇంత శ్రద్ధగా తీశావా అని ఆమె దెప్పింది.

"నువ్వొక చోట నిలబడితే కదా," అన్నాడాయన.

మ్యూజియంలో పక్షుల విభాగం చూసే పెద్దావిడ ఆ గుడ్డపిట్టను చూడగానే నవ్వేసింది. తెల్లపొట్ట సముద్రపు డేగ అంది. ఏటా పాత గూటికే కొత్త పుల్లలు చేరుస్తుందట, నీటిపాములంటే మహా ఇష్టమట. గూడు కదపకూడదని కాగితం రాసిచ్చింది. మేస్త్రీ దాన్ని రెండుసార్లు చదివి, తన కుర్చీనే అవతలికి జరిపించుకున్నాడు.

కొన్నాళ్లకు గూట్లోంచి పిల్ల తల ఎత్తింది. ఒళ్లంతా గోధుమరంగు. డేగకు గద్ద పుట్టిందని రేవంతా క్రేనక్కను ఆటపట్టించింది. ఆమెకూ అనుమానం వచ్చి, పెద్దావిడకు ఫోన్ చేసింది. తెలుపు రావడానికి నాలుగైదేళ్లు పడుతుందని ఆవిడ చెప్పాక గానీ అన్నం సయించలేదు.

ఒక ఉదయం పిల్ల గూటి అంచుకొచ్చి రెక్కలు విప్పింది. క్రేనక్క క్రేను ఆపేసింది. వెంటనే వాకీటాకీలో మేస్త్రీ గొంతు పలికింది. చీవాట్లు తప్పవనుకుంది.

"క్రేనక్కా, దాన్ని ఎగరనీ. మనకేం తొందర లేదు," అన్నాడాయన.

పిల్ల దూకింది, రాయిలా జారింది, నీళ్లకు చెయ్యెత్తు మీద సర్దుకుని లేచింది. కింద పనివాళ్లంతా ఈలలు వేశారు. క్రేనక్క చేతులు నొప్పి పుట్టేదాకా చప్పట్లు కొట్టింది. అంత ఎత్తులో ఆ చప్పుడు ఆమె ఒక్కదానికే వినిపించింది.