నాన్న మోసిన కొండమేక

నా చిన్నప్పుడు కెనడాలోని ఎడ్మంటన్‌లో మేమున్న వీధి మొత్తానికి మాంసం ముట్టని ఇల్లు మాదొక్కటే. గుడ్డు కలిసిందేమోనని మా నాన్న కేకు కూడా తినేవారు కాదు. పక్కింటి తెల్లాయన, నేను అంకుల్ అనేదాన్ని, పెద్ద వేటగాడు. తిండి, భాష, దేవుడు, ఏదీ కలవకపోయినా వాళ్లిద్దరికీ ఎంత స్నేహమంటే, మంచు పడిన పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్లే రెండిళ్ల ముందూ ఆ మంచు ఎత్తిపోసేవారు.

కొండమేకను వేటాడే పర్మిట్ లాటరీలో రావాలి. అంకుల్ ఎన్నో ఏళ్లు పేరు ఇస్తే నాకు తొమ్మిదేళ్లప్పుడు వచ్చింది. ఆ మేకలుండేది కాలు నిలవని రాతి కొమ్ముల మీద, ఒంటరిగా వెళ్లకూడదు. తోడు రావలసిన ఆయన తమ్ముడు చివరి నిమిషంలో రాలేనన్నాడు. "నేనొస్తాను, మాంసం మాత్రం ముట్టను" అన్నారు నాన్న. వేటకు పులిహోర కట్టించుకుని వెళ్లేది లోకంలో ఈయనొక్కరేనని అమ్మ వెక్కిరించింది.

నేనూ, అంకుల్ భార్య ఆంటీ కొండ కింద ట్రక్కు దగ్గర ఉండిపోయాం. రెండో రోజు మధ్యాహ్నం బైనాక్యులర్స్‌లో నాన్న ఎర్ర మంకీ క్యాప్ కనిపించింది. అంకుల్ కర్ర పట్టుకుని కుంటుతున్నారు. నాన్న వీపు మీద నా అంత బరువున్న సంచీ. పది అడుగులకోసారి ఆగుతున్నారు.

మేకను కోసి సంచీకెత్తాక, దిగేటప్పుడు అంకుల్ మోకాలు మెలితిరిగిందట. మాంసం కొండమీద వదిలేస్తే నేరం. నేరం సంగతి అటుంచి, చంపినదాన్ని పారేసి రావడం ఆయన దృష్టిలో పాపం. ఆ కాలితోనే మోస్తానని లేచి, కూలబడ్డారట. నాన్న సంచీ తన వీపుకెత్తుకున్నారట.

సంచీ దించేసరికి నాన్న జాకెట్ వెనకంతా నెత్తురు. దగ్గరికి తీసుకోబోతే నేను ఒక అడుగు వెనక్కి వేశాను. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ముట్టనని ప్రామిస్ చేశారుగా అని ఇంగ్లీషులో నిలదీశాను. ఆయన తెలుగులోనే చెప్పారు.

"నియమం నా నోటికమ్మా. వీపుకి లేదు."

తర్వాత గడ్డకట్టించే వాగు నీళ్లలో స్నానం చేసి, మిగిలిన పులిహోర తిన్నారు. ఆ జాకెట్‌ను అమ్మ పారేస్తుందనుకున్నాను, ఉతికి ఆరేసింది. ఆ తర్వాత ఆంటీ మా ఇంటికి ఏ బిస్కట్ ప్యాకెట్ తెచ్చినా, వెనకాల అక్షరాలన్నీ కళ్లజోడు పెట్టుకుని చదివి తెచ్చేది.

పోయిన నెల మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న తెలంగాణ స్టూడెంట్ పిల్ల జ్వరంతో పడుకుంది. ఏం తింటావంటే ఏమీ వద్దంది. కాసేపటికి, "జరమొస్తే మా అమ్మ కోడి షోర్వ పెడుతుండె ఆంటీ" అని గోడకు తిరిగింది.

అరవై దాటిన ఈ చేతులు మొదటిసారి కోడిని కడిగాయి. ముక్కు ముడుచుకోలేదని అబద్ధం చెప్పను. రుచి చూడలేను కనుక ఆ పల్చటి పులుసులో ఉప్పు అంచనాతో వేశాను. గిన్నె పట్టుకుని మెట్లు దిగుతుంటే నా ముందు ఎర్ర మంకీ క్యాప్ దిగుతున్నట్టే అనిపించింది. ఆ రోజు వెనక్కి వేసిన అడుగు ఇన్నేళ్లకు ముందుకు వేశాను నాన్నా, అనుకున్నాను.