జపాన్ బ్యాంకాయనను అడుగుదామని ఖిలా వరంగల్‌కు పోయిన రోజు

ఖిలా వరంగల్‌కు అందరు రాళ్లు చూడ పోతరు. ఎనభైల్లో నేను ఒక జపాన్ బ్యాంకాయనను అడగడానికి పోయిన. నా కొడుకు సదానందం వరంగల్‌ల చిన్న లేతు షెడ్డు పెట్టి, హైదరాబాద్ దిక్కు జపానోళ్ల బండ్ల కంపెనీకి ఇనుప సామాన్లు చేసిచ్చేటోడు. ఆ కంపెనీ ఇంజనీరు ఒకసారి వచ్చి, తనే చీపురు పట్టి షెడ్డు ఊడ్చిండు. పనిముట్లు గోడకు వరుసగా తగిలించిండు. తమ దేశంల కంపెనీలు, బ్యాంకు ఒక్క కుటుంబమని, ఎవరన్న పడిపోతే బ్యాంకే మనిషిని పంపి నిలబెడ్తదని చెప్పి పోయిండు. నా కొడుకు ఆ కుటుంబంల తానూ ఉన్ననుకున్నడు. ఇంటోడైనంక బయటోళ్ల పని చెయ్యొద్దని రైతుల మోటార్ల రిపేర్లన్ని వాపస్ పంపిండు. తర్వాత కంపెనీ ఆర్డర్లు ఆపింది. రేపొస్తది, ఎల్లుండొస్తది అనుకుంట నాలుగు నెలలు కూసున్నడు. కామెర్లు ముదిరినంక గాని దవాఖానకు పోలే. మళ్ల ఇంటికి రాలే.

దినాలైనంక, ఆ కంపెనీ బ్యాంకు పెద్దాయన జపాన్ నుంచి హనుమకొండకు వచ్చిండని తెలిసింది. షెడ్డుల మా కోడలి తమ్ముడు కొమురయ్య ఒక్కడే మిగిలిండు. ఆర్డర్లు వస్తయా, షెడ్డు మూసుడేనా తేల్చుకోవాలె. వర్ధన్నపేటల పొద్దుగాల ఆరింటి బస్సెక్కిన, టికెట్టు మూడు రూపాయలు. వరంగల్‌ల దిగి ఇంకో బస్సు పట్టుకొని ఎనిమిదిన్నరకు హనుమకొండ గెస్ట్‌హౌజ్‌కు చేరిన. అక్కడ వంటాయన, "కోట చూడ పోయిండ్రమ్మా. ఆ జపానాయన ఉత్తన్నం తిన్నడు, నా చట్నీ మొకం సుత చూడలే" అన్నడు.

కోట కాడ జపానాయనను కలవాలె అంటే ఆటో ఆయన ఎనిమిది రూపాయలడిగిండు. "జపానోళ్లతోని నీకేం పని పెద్దమ్మా, బండి కొంటున్నవా?" అని నవ్విండు.

"చచ్చిపోయిన నా కొడుకు సంగతి అడగాలె" అన్న. ఖిలా కాడ దించి, ఎనిమిదికి ఆరే తీసుకున్నడు.

కోట రాతి తోరణం నీడల బ్యాంకాయన, పక్కన హైదరాబాద్ మేనేజరు నిలబడి ఉన్నరు. సదానందం ఆఖరుగ చేసిన సామాను కొంగుల నుంచి తీసి బ్యాంకాయన చేతిల పెట్టిన. నేను చెప్పిన సంగతి మేనేజరు ఇంగ్లీషుల చెప్పంగనే ఆయన నడుము దాక వంగి దండం పెట్టిండు. సామాను తిప్పి తిప్పి చూసి, పని చాల మంచిగున్నదన్నడట.

"మరి నా కొడుకు పడిపోతే మనిషిని ఎందుకు పంపలే?" అని అడిగిన.

ఆయన ఇచ్చిన జవాబును మేనేజరు తెలుగుల చెప్పిండు. "అది ఒకళ్ల కంపెనీల ఒకళ్లకు వాటాలున్నోళ్లకమ్మా. మీ అబ్బాయి సామాన్లు అమ్మినోడే. ఇగ ఆర్డర్లు రావు."

"మరి బయటి పని పట్టొద్దని ఎవరన్నరు?"

"ఎవ్వరనలే. మీ అబ్బాయే అనుకున్నడు."

ఆ బ్యాంకాయన మళ్ల వంగిండు. ఆ దండం నాకెందుకు?

మధ్యాహ్నం షెడ్డుకు పోయి, "రేపటి నుంచి మోటార్లు పట్టు" అని కొమురయ్యకు చెప్పిన.

"బావ ఒద్దన్నడు గదత్తమ్మా."

"బావ లేడు బిడ్డా."

ఇన్నేండ్లైనా వాళ్లు అబద్ధమాడిండ్రని అనలేను. వాళ్ల కుటుంబం సంగతి వాళ్లు నిజమే చెప్పిండ్రు. అందుల నా కొడుకు లేడన్న ముక్క చెప్పలే, వాడు అడగలే. వాళ్లను తిట్టాల్నంటె తిట్టు దొరకది, వాణ్ని తిట్టాల్నంటె నోరు రాదు.

కోటకు పోయేటోళ్లు పదింటి లోపలే పోండి, ఎండకు రాళ్లు కాల్తయి. మీ పిల్లలు పెద్ద కంపెనీకి పని చేస్తుంటే, ఇంకో నలుగురి పని సుత పట్టుకొమ్మని ఈ రోజే చెప్పండి.